గ్రీన్ హైడ్రోజన్‌లోకి ఏ చదువుతో వెళ్ళాలి? గోదావరి జిల్లాల వాళ్ళకు ఒక పోలిక

కాకినాడలో పాత నాగార్జున ఎరువుల ఫ్యాక్టరీ ఆవరణలో ఏఎం గ్రీన్ సంస్థ ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా ప్లాంటు తలపెట్టింది. పక్కన అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. అక్కడ రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. సౌర, పవన కరెంటుతో నీటిని విడగొట్టి తీస్తే అది గ్రీన్ హైడ్రోజన్, దాన్ని నైట్రోజన్‌తో కలిపితే గ్రీన్ అమ్మోనియా. దాంతో పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇళ్ళలో కొత్త ప్రశ్న మొదలైంది: దీంట్లోకి వెళ్ళాలంటే ఐటీఐ చాలా, పాలిటెక్నిక్కా, బీటెక్కా? లేక పేరులోనే హైడ్రోజన్ ఉన్న ఆ రెండు నెలల కోర్సులా?

ఈ వ్యాసం ఒక అభిప్రాయంతో నడుస్తుంది, ముందే చెప్పేస్తే మంచిది. హైడ్రోజన్ లేకపోయినా కూడు పెట్టే వృత్తి ఒకటి చేతిలో ఉండాలి. హైడ్రోజన్‌ను దాని పైన కలుపుకోవాలి. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది.

## ముందు ప్లాంటు లెక్క

టన్ను అమ్మోనియాకు సుమారు 178 కిలోల హైడ్రోజన్ పడుతుంది. 10 లక్షల టన్నులకు 1.78 లక్షల టన్నుల హైడ్రోజన్ కావాలి. ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రం), దాని పంపులు, ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్లు అన్నీ కలిపి కిలో హైడ్రోజన్‌కు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. 52 వేసుకున్నా ఏడాదికి 900 కోట్ల యూనిట్లు దాటుతుంది. అంటే రాత్రీ పగలూ ఆగకుండా వెయ్యి మెగావాట్లు లాగే లోడు. నీటి విషయానికొస్తే రసాయన సమీకరణం ప్రకారం కిలోకు 9 లీటర్లు. చిన్నాచితకా నష్టాలు కలిపి 10 అనుకుంటే, రోజుకు దాదాపు 50 లక్షల లీటర్ల శుద్ధమైన డీఎం నీరు, అంటే లవణాలన్నీ తీసేసిన నీరు. కూలింగ్ టవర్లు తాగే నీరు దీనికి అదనం.

మన డెల్టాలో ఆ నీటి కథ వేరే ఉంది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాల్వ నీరు తీపిదే, కానీ వేసవిలో మరమ్మతులకు కాల్వలు కట్టేస్తారు. అప్పుడు నిల్వ చెరువే దిక్కు. సముద్రం పక్కన బోరు వేస్తే ఉప్పు తగులుతుంది. ఎలక్ట్రోలైజర్‌లోకి క్లోరైడ్ వెళ్తే ఎలక్ట్రోడ్లు, స్టీలు తినేస్తుంది. కాబట్టి ఆర్‌ఓ, డీఎం ప్లాంటు నడిపేవాడు పక్కవాయిద్యం అనుకోవద్దు. అతని దగ్గర తేడా వస్తే కోట్ల రూపాయల స్టాక్, అంటే ఎలక్ట్రోలైజర్‌లో వరుసగా బిగించిన సెల్స్ కట్ట, పాడవుతుంది.

ఇలాంటి చోట ఉద్యోగాల్లో ఎక్కువ భాగం కరెంటు, నీరు, అమ్మోనియా, పైపులు, కొలత పరికరాల చుట్టూనే ఉంటాయి. స్టాక్ పక్కన నిలబడే మనుషులు తక్కువ. పైగా శంకుస్థాపనకూ ఉత్పత్తికీ మధ్య ఏళ్ళు గడుస్తాయి. కొనేవాళ్ళతో ఒప్పందాలు, కరెంటు లైన్లు, అప్పులు ఏది ఆలస్యమైనా తేదీ వెనక్కి పోతుంది.

## ఏ కొలతలతో చూడాలి

ఫీజు, కాలం అందరూ చూస్తారు. వాటికంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి.

మొదటిది, ప్రాజెక్టు ఆగిపోతే ఈ చదువు ఇంకెక్కడ పనికొస్తుంది అన్నది. గ్యాస్, ఎరువులు, మందుల ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్, పవర్ ప్లాంట్లు, వీటిలో కనీసం రెండు చోట్ల చెల్లని చదువుకు డబ్బు పెట్టకండి.

రెండోది, చదువుతున్నప్పుడు నిజమైన యంత్రం ఎంత దగ్గరగా దొరుకుతుంది అన్నది. ఇక్కడ మనవాళ్ళు చాలామంది గమనించని విషయం ఒకటుంది. గోదావరి జిల్లాల్లో పారిశ్రామిక ఎలక్ట్రాలిసిస్ కొత్తేమీ కాదు. సగ్గొండలో ఆంధ్రా షుగర్స్, బలభద్రపురంలో గ్రాసిమ్ ఉప్పునీటిలోంచి కరెంటు పంపి కాస్టిక్ సోడా, క్లోరిన్ తీస్తున్నాయి. టన్ను కాస్టిక్‌కు 25 కిలోల హైడ్రోజన్ వెంట వస్తుంది. రెక్టిఫైయర్ నుంచి వచ్చే భారీ డీసీ కరెంటు, వరుసగా బిగించిన సెల్స్, మెంబ్రేన్, వేడి క్షారం, తడి హైడ్రోజన్, గ్యాస్‌లో ఏది ఎంతుందో కొలిచే ఎనలైజర్ అన్నీ అక్కడున్నాయి. నీటి ఎలక్ట్రోలైజర్‌కు ఇంతకంటే దగ్గరి చుట్టం మరొకటి లేదు. అక్కడ ఒక ఏడాది అప్రెంటిస్‌గా పనిచేసినవాడికి, ఎక్కడో బొమ్మ కిట్టు ముందు రెండు నెలలు కూర్చున్నవాడికీ పోలికే లేదు.

మూడోది, ఊరు, ఒళ్ళు. ప్రాసెస్ ప్లాంటు అంటే మూడు షిఫ్టులు, ఎత్తున నిచ్చెనలు, క్షారం, అమ్మోనియా వాసన. ఉబ్బసం ఉన్నవాళ్ళు, రాత్రి షిఫ్టు పడనివాళ్ళు ముందే ఆలోచించుకోవాలి. పరిశోధన వైపు వెళ్తే ఇంటి దగ్గర ఉండటం దాదాపు కుదరదు.

| దారి | కాలం | ప్రవేశం | యంత్రం ఎంత దగ్గర | హైడ్రోజన్ రాకపోతే |
|---|---|---|---|---|
| ఐటీఐ + అప్రెంటిస్ | 2 ఏళ్ళు + సుమారు ఏడాది | పదో తరగతి | చాలా దగ్గర | ఎరువులు, కాస్టిక్, మందులు, గ్యాస్ |
| పాలిటెక్నిక్ | 3 ఏళ్ళు | పాలిసెట్ | అప్రెంటిస్ చేస్తే దగ్గర | పైవన్నీ, ఇంకా ఈసెట్‌తో బీటెక్ |
| బీటెక్ | 4 ఏళ్ళు | ఈఏపీసెట్, జేఈఈ | ఇంటర్న్‌షిప్ మీద ఆధారం | బ్రాంచిని బట్టి |
| పరిశోధన | బీటెక్ తర్వాత 2 నుంచి 7 ఏళ్ళు | గేట్, నెట్ | ల్యాబ్ స్థాయిలో | బ్యాటరీలు, తుప్పు, ఉత్ప్రేరకాలు |
| స్వల్పకాల సర్టిఫికెట్ | వారాలు, నెలలు | పెద్దగా లేదు | తరచూ దూరం | ఒక్కటే ఉంటే ఏమీ లేదు |

## ఐటీఐ: తొందరగా సంపాదన కావాల్సిన ఇళ్ళకు

ట్రేడ్ ఎంపికలోనే సగం భవిష్యత్తు తేలిపోతుంది. అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ కెమికల్ ప్లాంట్ అన్న ట్రేడ్‌లు దొరికితే వాటికే మొదటి ఓటు. అవి లేనిచోట ఎలక్ట్రీషియన్, ఆ తర్వాత ఫిట్టర్. వెల్డర్ ఏడాది కోర్సు, ప్లాంటు కట్టేటప్పుడు విపరీతమైన గిరాకీ ఉంటుంది. కట్టడం అయిపోయాక ఆ గిరాకీ ఊరు మారుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పైపులకు ఆర్గాన్ వెల్డింగ్ చేసి, జాయింటు ఎక్స్‌రేలో పాసయ్యేవాడికి మాత్రం ఎక్కడైనా పని ఉంటుంది, ఊరూరా తిరగడానికి సిద్ధపడితే.

ఆపరేటర్ పని ఏమిటో కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే "బటన్ నొక్కడమే కదా" అనుకునేవాళ్ళు చాలామంది. ఆల్కలైన్ ఎలక్ట్రోలైజర్‌ను మొదలుపెట్టేటప్పుడు ముందు నైట్రోజన్ పంపి లోపలి గాలిని బయటికి తోసేస్తారు. తర్వాత 25 నుంచి 30 శాతం కాస్టిక్ పొటాష్ ద్రావణాన్ని తిప్పుతూ వేడి చేస్తారు, పీడనం ఎక్కిస్తారు, అప్పుడు మెల్లగా కరెంటు పెంచుతారు. మొదట వచ్చే హైడ్రోజన్‌ను ట్యాంకులోకి పంపరు. స్వచ్ఛత తేలేదాకా వెంట్ గొట్టంలోంచి బయటికే వదిలేస్తారు. గ్యాస్‌ను ద్రావణం నుంచి వేరుచేసే తొట్లు, అంటే సెపరేటర్లు, హైడ్రోజన్ పక్క, ఆక్సిజన్ పక్క ఉంటాయి, రెండింట్లో ద్రవమట్టం సమానంగా ఉండాలి. రెండు వైపులా పీడనం తేడా వస్తే వాటిని వేరుచేసే పొర, అంటే డయాఫ్రం గుండా గ్యాస్ అటునుంచి ఇటు దాటుతుంది. ఆక్సిజన్‌లో హైడ్రోజన్ 4 శాతం చేరితే మంట అంటుకునే మిశ్రమం. అందుకే సాధారణంగా 2 శాతం దగ్గరే ప్లాంటును ట్రిప్ చేస్తారు, అంటే వెంటనే ఆపేస్తారు.

ప్రమాదం తరచూ ఎనలైజర్ దగ్గర దాక్కుంటుంది. క్షారపు తుంపర శాంపిల్ లైన్లోకి వెళ్ళి గడ్డకట్టి దాన్ని మూసేస్తుంది. ఎనలైజర్ పాత గ్యాస్‌నే చూస్తూ "అంతా బాగుంది" అని చూపిస్తుంటుంది. రీడింగ్ గంటల తరబడి గీత గీసినట్టు కదలకుండా ఉంటే సంతోషించకూడదు, వెళ్ళి శాంపిల్ ఫ్లో చూడాలి. ఈ అనుమానం అలవాటైనవాడే ఆపరేటర్.

ఫిట్టర్లకు ఒక మాట. హైడ్రోజన్ అన్నిటికంటే చిన్న అణువు, నీళ్ళు కారని జాయింటులోంచీ కారుతుంది. పావు అంగుళం, ఆపైన ఫెరూల్ (ట్యూబును పట్టి ఉంచే చిన్న రింగు) ఫిట్టింగులకు మామూలు పద్ధతి చేత్తో బిగించాక ఒకటింపావు చుట్టు. "ఇంకాస్త గట్టిగా ఉంటే మంచిదేగా" అని మరో అరచుట్టు బిగిస్తే ట్యూబు నలిగి అక్కడే కారుతుంది. ఒక కంపెనీ ఫెరూల్‌ను ఇంకో కంపెనీ నట్టులో వేయకూడదు. ఆక్సిజన్ లైన్లో గ్రీజు, నూనె చేతులు తగలకూడదు, పీడనంలో ఉన్న ఆక్సిజన్‌లో గ్రీజు దానంతటదే మండగలదు. హైడ్రోజన్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు కూడా.

పరిమితి ఏమిటంటే పై పదవులు. డిప్లొమా గానీ ఆ స్థాయి అర్హత గానీ లేకుండా షిఫ్ట్ ఇన్‌ఛార్జి అవ్వడం చాలా కంపెనీల్లో కష్టం. ఐటీఐ అయ్యాక లాటరల్‌గా పాలిటెక్నిక్‌లోకి వెళ్ళే దారిని మనసులో ఉంచుకోండి.

## పాలిటెక్నిక్: ఎక్కువమందికి సరిపోయేది ఇదే

ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాం. మూడేళ్ళ చదువు, తక్కువ ఖర్చు, చివర రెండు తలుపులు తెరిచే ఉంటాయి: ఒకటి ఉద్యోగం, రెండోది ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి. ప్రాజెక్టు ఎప్పుడు నడుస్తుందో తెలియని పరిస్థితిలో నిర్ణయాన్ని మూడేళ్ళు వాయిదా వేసుకునే వీలు చిన్న సంగతి కాదు.

బ్రాంచిల్లో కెమికల్ ఉంటే కెమికల్, లేదంటే ఎలక్ట్రికల్. ఇన్‌స్ట్రుమెంటేషన్ దొరికినవాళ్ళు దాన్ని తక్కువ చేసి చూడకండి. మూడో ఏడాది శిక్షణను ఎక్కడో పేరుకు సర్టిఫికెట్ ఇచ్చే చోట పెట్టుకుంటే ఈ దారికున్న బలమంతా పోతుంది. కాస్టిక్ ప్లాంటు, ఎరువుల ప్లాంటు, గ్యాస్ ప్రాసెసింగ్ యూనిట్, డీఎం ప్లాంటు ఉన్న పవర్ స్టేషన్, ఈ వరుసలో ప్రయత్నించండి. చదువు అయ్యాక కేంద్రం నడిపే నాట్స్ అప్రెంటిస్ పథకం కింద ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు నమోదు చేసుకోవచ్చు, స్టైపెండ్ వస్తుంది.

కోనసీమ పిల్లలకు గ్యాస్ అనుభవం దగ్గర్లోనే ఉంది. దాన్ని హైడ్రోజన్‌కు తీసుకెళ్ళేటప్పుడు ఏది పనికొస్తుంది, ఏది రాదు అన్నది తెలియాలి. పనికి అనుమతి పత్రాలు, లైన్ ఐసొలేషన్, గ్యాస్ డిటెక్టర్ క్యాలిబ్రేషన్, తుప్పు పర్యవేక్షణ యథాతథంగా పనికొస్తాయి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలి ఇరవైమందికి పైగా చనిపోయిన ఘటన ఈ ప్రాంతం మరచిపోలేదు. పొడి గ్యాస్‌కు వేసిన లైన్లో నీరు, కండెన్సేట్ (గ్యాస్‌తో వచ్చే ద్రవ ఇంధనం) ఉన్న తడి గ్యాస్ పంపడం, లోపల తుప్పు అక్కడి మూల కారణాలు. హైడ్రోజన్ లైన్లోనూ అదే పాఠం, లైన్ దేనికి డిజైన్ చేశారో దానికే వాడాలి. మారేవి కూడా ఉన్నాయి. సహజవాయువు గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య మండుతుంది, హైడ్రోజన్ 4 నుంచి 75 దాకా. గట్టి ఉక్కును హైడ్రోజన్ పెళుసుగా మారుస్తుంది. ప్రమాదకర ప్రాంతంలో వాడే ఎలక్ట్రికల్ పరికరాలకు ఏ గ్యాస్ దగ్గర వాడొచ్చో చెప్పే గ్రూపు ఉంటుంది: సహజవాయువుకు గ్రూప్ ఐఐఏ అయితే సరిపోతుంది, హైడ్రోజన్‌కు ఐఐసీ ఉండాలి. పాత స్టోర్‌లోంచి తెచ్చిన లైటు ఫిట్టింగు ఇక్కడ పనికిరాకపోవచ్చు.

## బీటెక్: బ్రాంచి మీదే అంతా

"హైడ్రోజన్ ఎనర్జీ" అని బోర్డు పెట్టిన ప్రత్యేక బీటెక్ కంటే మామూలు కెమికల్, ఎలక్ట్రికల్ డిగ్రీలే మేలు. మైనర్‌గానో ఎలక్టివ్‌గానో హైడ్రోజన్ తీసుకోవచ్చు. డిగ్రీ పేరు మరీ ఇరుకైతే ప్రభుత్వ రంగ ఉద్యోగాల అర్హత జాబితాలో అది లేకపోయే ప్రమాదం ఉంది.

కెమికల్‌కు దగ్గర్లో తాడేపల్లిగూడెంలో ఏపీ నిట్, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీ ఉన్నాయి. అమ్మోనియా సంశ్లేషణ అంటే 400 నుంచి 500 డిగ్రీలు, 150 నుంచి 250 బార్ల పీడనం. ఇది వందేళ్ళ నాటి హేబర్–బాష్ పద్ధతే. కొత్తదనం ఎక్కడంటే, సూర్యుడు, గాలి ఇచ్చే కరెంటు ఎక్కువ తక్కువలవుతుంటే ఈ రియాక్టర్‌ను ఎంత తగ్గించి నడపగలం అన్నదగ్గర. ఎలక్ట్రోలైజర్ నిమిషాల్లో లోడు మార్చుకుంటుంది, అమ్మోనియా లూపు, అంటే గ్యాసులు రియాక్టర్ గుండా మళ్ళీ మళ్ళీ తిరిగే ఏర్పాటు, అలా మారదు. మధ్యలో ఎంత హైడ్రోజన్ నిల్వ పెట్టాలి అన్న లెక్క చేయగలిగిన ఇంజనీరుకు విలువ ఉంటుంది.

ఎలక్ట్రికల్‌ను జనం తక్కువగా అంచనా వేస్తున్నారని మా అభిప్రాయం. వెయ్యి మెగావాట్ల ఏసీని డీసీ చేయాలంటే థైరిస్టర్ రెక్టిఫైయర్లా, ఐజీబీటీ అనే ఇంకో రకం స్విచ్‌లతో చేసినవా, హార్మోనిక్స్ (కరెంటు అలలో వచ్చే వంకరలు) ఎలా అణచాలి, పవర్ ఫ్యాక్టర్ ఎలా నిలపాలి అన్నవి పెద్ద సమస్యలు. ప్లాంటు ఆపగానే స్టాక్‌లో మిగిలిన గ్యాసుల వల్ల రివర్స్ కరెంటు పారి ఎలక్ట్రోడ్లు పాడవుతాయి. సోలార్‌తో రోజూ ఆపి మొదలుపెట్టే ప్లాంటులో ఇది ఇంకా ఎక్కువ. పవర్ ఎలక్ట్రానిక్స్ గట్టిగా చదివినవాడికి ఈవీలు, సోలార్ ఇన్వర్టర్లు, రైల్వే ఎలాగూ ఉన్నాయి.

కంప్యూటర్ సైన్స్ వాళ్ళకు చోటు ఉంది గానీ కొద్దిమందికే. మెకానికల్‌కు కంప్రెసర్లు, పైపింగ్ ఒత్తిడి విశ్లేషణ.

## పరిశోధన: ఓపిక, ఊరు వదలడం రెండూ కావాలి

2023 జనవరి 4న కేంద్ర కేబినెట్ ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ మొత్తం 19,744 కోట్లు. అందులో 17,490 కోట్లు ఉత్పత్తికి, ఎలక్ట్రోలైజర్ల తయారీకి ప్రోత్సాహకాలు. పరిశోధనకు 400 కోట్లు, అంటే రెండు శాతం. పరిశోధనలో సీట్లు ఎందుకు తక్కువో దీన్నిబట్టే అర్థమవుతుంది. మిషన్ పరిశోధన రోడ్‌మ్యాప్ పనులను మూడు వరుసలుగా పెట్టింది: 5 ఏళ్ళలోపు ఫలితం ఇచ్చేవి, 8 ఏళ్ళలోపువి, 15 ఏళ్ళు పట్టేవి. పీహెచ్‌డీ విషయం వెతుక్కునేవాళ్ళు తమ ఆలోచన ఏ వరుసలోదో చూసుకోవాలి. 15 ఏళ్ళ విషయం పట్టుకుని నాలుగేళ్ళలో కంపెనీ ఉద్యోగం ఆశిస్తే నిరాశే.

ఎలక్ట్రోకెమిస్ట్రీకి కారైకుడిలోని సీఎస్‌ఐఆర్ సెక్రి దేశంలోనే ప్రత్యేక సంస్థ. హైదరాబాద్‌లో రసాయన పరిశోధనకు ఐఐసీటీ, కొత్త పదార్థాల పరిశోధనకు ఏఆర్‌సీఐ ఉన్నాయి, ఏఆర్‌సీఐ ఫ్యూయల్ సెల్ కేంద్రం చెన్నైలో పనిచేస్తుంది. నెట్ పాసై జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, 2023 నుంచి ఇదీ రేటు.

ఏ రకం ఎలక్ట్రోలైజర్ మీద పనిచేయాలన్నది తర్వాతి ప్రశ్న.

| రకం | వేడి | లోపల | బలం | తలనొప్పి |
|---|---|---|---|---|
| ఆల్కలైన్ | 70–90 డిగ్రీలు | నికెల్, కాస్టిక్ పొటాష్ | చవక, పెద్ద సైజు, పాత అనుభవం | తక్కువ లోడులో గ్యాసులు కలుస్తాయి |
| పీఈఎం (ప్రోటాన్లను దాటనిచ్చే మెంబ్రేన్) | 50–80 డిగ్రీలు | ఇరిడియం, ప్లాటినం, టైటానియం | త్వరగా లోడు మారుతుంది | ఇరిడియం కొరత, అతిశుద్ధ నీరు |
| ఏఈఎం (రుణ అయాన్లను దాటనిచ్చే మెంబ్రేన్) | 40–60 డిగ్రీలు | నికెల్, పలుచని క్షారం | ఖరీదైన లోహాలు అక్కర్లేదు | మెంబ్రేన్ ఆయుష్షు |
| ఘన ఆక్సైడ్ | 700–850 డిగ్రీలు | సిరామిక్, ఆవిరి | కరెంటు తక్కువ | వేడెక్కి చల్లారితే పగుళ్ళు |

ఉద్యోగం ముఖ్యమనుకుంటే ఆల్కలైన్. కాకినాడ ప్లాంటుకు జాన్ కాకెరిల్ నుంచి తీసుకుంటున్నవీ ఆ రకమే. పాత టెక్నాలజీ, ఇంకేముంది అనుకోవద్దు: డయాఫ్రం పలుచన చేయడం, 20 శాతం కంటే తక్కువ లోడులో నడపడం, రోజూ ఆపినా చెడని పూతలు అన్నీ ఇంకా తేలని విషయాలే. ఘన ఆక్సైడ్ అమ్మోనియా ప్లాంటుకు చక్కగా అతుకుతుంది, సంశ్లేషణలో వచ్చే వేడితో ఆవిరి చేసుకోవచ్చు. ఏఈఎంకు మన దేశంలో 2022 ఏప్రిల్‌లో జోర్హాట్‌లో ఆయిల్ ఇండియా పెట్టిన 100 కిలోవాట్ల పైలట్ ఉంది, రోజుకు 10 కిలోలు. పీఈఎంలో ఇరిడియం తగ్గించడం ప్రపంచమంతా చేస్తోంది. ఏటా ప్రపంచంలో తవ్వేది ఏడెనిమిది టన్నులే మరి.

కాలేజీ ల్యాబుల్లో జరిగే పొరపాట్లు మామూలుగా ఇవే. మార్కెట్లో దొరికే పొటాష్‌లో ఇనుము ఆనవాళ్ళుంటాయి. అవి నికెల్ ఎలక్ట్రోడ్ మీద చేరి ఆక్సిజన్ పక్క చర్యను బాగా వేగవంతం చేస్తాయి, విద్యార్థి తన కొత్త ఉత్ప్రేరకమే పనిచేసిందనుకుంటాడు. ఇంకోవైపు ప్లాటినం కౌంటర్ ఎలక్ట్రోడ్ (సర్క్యూట్ పూర్తిచేసే రెండోది) కొద్దికొద్దిగా కరిగి పరీక్షించే ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది. హైడ్రోజన్ ఉత్ప్రేరకం పరీక్షిస్తుంటే ఫలితం మొత్తం అబద్ధం. దానికి బదులు గ్రాఫైట్ కడ్డీ వాడాలి. వేడి క్షారం గాజునూ తింటుంది, టెఫ్లాన్ పాత్ర మేలు. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్ల దగ్గర గొప్ప ఫలితం చూపి ఆగిపోతే పరిశ్రమ పట్టించుకోదు. అక్కడ ఆల్కలైన్‌లో వందల మిల్లీఆంపియర్లు, పీఈఎంలో ఒకటి రెండు ఆంపియర్లు నడుస్తాయి, అదీ వేల గంటలు.

## స్వల్పకాల సర్టిఫికెట్లు

చేతిలో ఐటీఐయో డిప్లొమానో ఉండి దాని మీద చేస్తే సరే. స్కిల్ కౌన్సిల్ ఫర్ గ్రీన్ జాబ్స్ రూపొందించిన అర్హతలున్నాయి. డబ్బు కట్టేముందు ఆ కోర్సు కోడ్ నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్‌లో ఉందో లేదో వెతకండి, ఎన్ఎస్‌క్యూఎఫ్ (జాతీయ నైపుణ్య అర్హతల చట్రం) స్థాయి ఎంతో చూడండి. తర్వాత ల్యాబు చూపించమనండి. క్షారం తిప్పే రిగ్, నైట్రోజన్ పర్జింగ్ ఏర్పాటు, క్యాలిబ్రేషన్ గ్యాస్ సిలిండర్లు, కళ్ళు కడిగే షవర్ లేకుండా ప్రొజెక్టర్ మాత్రమే ఉంటే ఆ ఫీజు మిగుల్చుకోండి. "నూరు శాతం ప్లేస్‌మెంట్" అంటే ఏ కంపెనీ, ఏ పని అని కాగితం మీద రాయించుకోండి.

## సొంతంగా ఏదైనా పెట్టాలనుకునేవాళ్ళకు

హైడ్రోజన్ స్టార్టప్‌ల నుంచి ప్రతిపాదనలు కోరుతూ కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ 2025లో 100 కోట్ల సాయం ప్రకటించింది, ప్రాజెక్టుకు 5 కోట్ల దాకా. ఇక్కడ అందరికీ వచ్చే మొదటి ఆలోచన ఒకటుంది: కిలో హైడ్రోజన్‌తో పాటు 8 కిలోల ఆక్సిజన్ వస్తుంది, చాలాచోట్ల గాలిలోకి వదిలేస్తారు, దాన్ని రొయ్యల చెరువులకు ఇస్తే? వినడానికి బాగుంటుంది. కానీ ఏరేటర్ (చెరువు నీటిని చిలికే ఫ్యాను) చెరువుకు ఆక్సిజన్ ఒక్కటే ఇవ్వదు. నీటిని కలియతిప్పుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపుతుంది. ఫ్యాన్లు తీసేసి గొట్టం పెడితే అడుగున బురద కుళ్ళుతుంది. పైగా ఆ ఆక్సిజన్‌ను నొక్కి సిలిండర్లలో నింపి భీమవరం, అమలాపురం దాకా తేవడానికి అయ్యే ఖర్చు వేసుకోవాలి. హేచరీలు, రొయ్య పిల్లల రవాణా, ఎక్కువ సాంద్రతలో పెంచే ట్యాంకులు, వీటికైతే లెక్క కుదరొచ్చు. అదీ ఎలక్ట్రోలైజర్‌కు కొద్ది కిలోమీటర్ల లోపు.

ఊకతో, కొబ్బరి చిప్పలతో గ్యాసిఫికేషన్ చేసి, అంటే తక్కువ గాలిలో వేడి చేసి గ్యాస్‌గా మార్చి, హైడ్రోజన్ తీయడం ఇంకో దారి. తారు శుభ్రం చేయడం, ఊక బూడిదలోని సిలికా పొయ్యి అడుగు జాలీల మీద గడ్డకట్టడం, ఈ రెండింటి దగ్గరే చాలా యూనిట్లు మూతపడతాయి. ఊకకు బాయిలర్ల వాళ్ళు ఇచ్చే ధర కూడా మరిచిపోకూడదు.

వీటికంటే చిన్న పనుల్లో డబ్బు త్వరగా కనిపిస్తుంది: గ్యాస్ డిటెక్టర్ల క్యాలిబ్రేషన్ సేవ, ఆక్సిజన్ లైన్ల డీగ్రీజింగ్, ఆర్‌ఓ మెంబ్రేన్ల శుభ్రత, ఉప్పుగాలిలో స్టీలుకు తుప్పు తనిఖీ. ఎరువుల ప్లాంటుకు, రొయ్యల ప్రాసెసింగ్‌కు ఇప్పుడే అవసరమైనవి ఇవి.

## ఇప్పటికే పనిలో ఉన్నవాళ్ళు

ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా కంప్రెసర్లు నడిపేవాళ్ళు తమ అనుభవం విలువ తెలుసుకోవాలి. అమ్మోనియా లైన్లో ఇత్తడి, రాగి వాడరని, ఆయిల్ డ్రెయిన్ చేసేటప్పుడు వాల్వ్ వదిలి పక్కకు పోకూడదని, గాలి ఎటు వీస్తోందో చూసి పరుగెత్తాలని వాళ్ళకు ఒంటికి పట్టి ఉంటుంది. తేడా పరిమాణంలో ఉంది. పెద్ద ట్యాంకులో అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గర ద్రవంగా, వేల టన్నుల్లో ఉంటుంది. ఆక్సిజన్ చొరబడితే కార్బన్ స్టీలుకు పగుళ్ళు వస్తాయి, అందుకే అమ్మోనియాలో 0.2 శాతం నీరు ఉండేలా చూస్తారు. ఆవిరి మేఘం మీద నీళ్ళు చిమ్మొచ్చు. నేల మీద ద్రవం మడుగు కట్టి ఉంటే దాని మీద నీళ్ళు కొట్టకూడదు, ఇంకా ఎగసిపోతుంది.

వీళ్ళకు కొత్త డిగ్రీ అక్కర్లేదు. తమకు తెలిసినదానికి కాగితం కావాలి. రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ కింద పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. దాంతో పాటు పీ అండ్ ఐడీ డ్రాయింగ్ (ప్లాంటులోని పైపులు, పరికరాల పటం) చదవడం, డీసీఎస్ (ప్లాంటును నడిపే కంప్యూటర్ వ్యవస్థ) తెర మీద ట్రెండ్‌లు చూడటం నేర్చుకోవాలి. యాభై దాటినవాళ్ళకు తెర దగ్గరే కష్టమనిపిస్తుంది, వాల్వ్ దగ్గర కాదు. యజమాని ఒప్పుకుంటే ప్రతి పనికీ పర్మిట్ రాయడం, ప్రతి లీకునూ తేదీ వేసి నమోదు చేయడం ఇప్పుడున్న ఫ్యాక్టరీలోనే మొదలుపెట్టండి. ఇంటర్వ్యూలో రెండేళ్ళ లాగ్‌బుక్ చూపించగలిగితే "అమ్మోనియా వచ్చా?" అన్న ప్రశ్నకు వేరే జవాబు అక్కర్లేదు.